రజ పండగకి పిల్లలొచ్చేలోపు: ఇంట్లో చిన్న కంప్యూటర్‌తో గేమ్ సిస్టమ్ ఇలా పెట్టుకోండి

జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులూ ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఉయ్యాలలు కడతారు, పొడ పిఠా అనే పిండివంట చేస్తారు, ఆడపిల్లలు ఏ పనీ ముట్టుకోరు. పేకముక్కలు, లూడో, గవ్వలు బయటికొస్తాయి. మేం తెలుగువాళ్లమే, కానీ తాతల కాలం నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నాం కాబట్టి రజ మాకూ పండగే. సరిగ్గా ఆ రోజుల్లోనే వానలు పట్టుకుంటాయి. ఉయ్యాల తాడు తడిసిందంటే చాలు, టెక్కలి నుంచీ బరంపురం నుంచీ వచ్చిన పిల్లలు తలో ఫోనూ పట్టుకుని తలో మూల చేరతారు. ఇంట్లో పదకొండు మంది ఉన్నా ఒక్క మాట వినిపించదు.

వాళ్లని మళ్లీ ఒకే చాప మీద కూర్చోబెట్టాలని నాలుగేళ్ల క్రితం హాల్లో టీవీకి అరచేతిలో పట్టేంత కంప్యూటర్ ఒకటి తగిలించాను. ఇప్పుడు మా అమ్మ దగ్గర్నుంచి ఆరేళ్ల మేనకోడలి దాకా అందరూ దాని ముందు కూర్చుంటారు. మీ ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, ఒక ఆదివారం పూట ఖాళీ చేసుకుంటే సరిపోతుంది.

నేను దీన్నుంచి కోరుకున్నది తీరిక. ఫోన్‌లో ఆట రోజూ రమ్మని గంట కొడుతుంది. రాకపోతే బహుమతి పోయిందంటుంది. వెళ్తే మధ్యలో యాడ్ వేస్తుంది. పాత టీవీ ఆటలు మనం వెళ్లేదాకా ఊరుకుంటాయి. అన్నానికి పిలిస్తే పాజ్ నొక్కి లేవొచ్చు. రెండు రోజుల తర్వాత వచ్చినా బొమ్మ అదే మెట్టు మీద నిలబడి ఉంటుంది. కింద చెప్పిన ప్రతిదీ ఈ ఒక్క విషయం చూసుకునే ఎంచుకున్నాను.

ముందు మీ అటక మీద చూడండి

కొత్తది కొనే ముందు ఇంట్లో మూలన పడేసిన పాత లాప్‌టాప్ ఏదైనా ఉందేమో చూడండి. 64 బిట్‌ది అయి, 4 జీబీ ర్యామ్ ఉంటే దాంతోనే మొదలుపెట్టొచ్చు. పాత టీవీ ఆటలు ఆడించే బటోసెరా అనే ఉచిత సిస్టమ్ ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆ పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ని ఆన్ చేయొచ్చు. లోపల ఉన్న విండోస్‌కీ, ఫోటోలకీ ఏమీ కాదు. పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే ఎప్పటిలాగే విండోస్ వస్తుంది. నా సలహా ఏమిటంటే, ఒక నెల ఇలా ఆడి చూడండి. ఇంట్లోవాళ్లు నిజంగా కూర్చుంటున్నారని నమ్మకం కుదిరాకే డబ్బు పెట్టండి.

కొనాలనుకుంటే రెండు దారులు. ఒకటి రాస్‌ప్బెర్రీ పై. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పిల్లలకి కంప్యూటర్ చదువు చౌకగా అందాలని తయారుచేసిన బోర్డు ఇది, 2012 ఫిబ్రవరి 29న మొదటిది అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు చాలా రకాలున్నాయి. మా ఇంట్లో ఉన్నది 2019లో వచ్చిన పై 4, 2 జీబీ ర్యామ్‌ది. మారియో కాలం నాటి ఆటల నుంచి మొదటి ప్లేస్టేషన్ ఆటల దాకా హాయిగా నడుస్తాయి. ఎవరైనా పాత పై 3 ఇస్తానంటే అదీ తీసుకోండి, 8 బిట్, 16 బిట్ అనే మరీ పాత తరం ఆటలకి అది ఎక్కువే. 2023లో వచ్చిన పై 5 ఇంకా వేగం. దానికి ఆన్, ఆఫ్ బటన్ కూడా ఉంది, అయితే స్పీకర్ పిన్ను పెట్టే 3.5 ఎంఎం రంధ్రం మాత్రం తీసేశారు. మీ ఇంట్లో పాత స్పీకర్లు ఉంటే ఇది గుర్తుంచుకోండి. అన్నిటికంటే చిన్నదైన జీరో 2 డబ్ల్యూ బోర్డు ఒక్కళ్లు ఆడుకోవడానికి బాగుంటుంది గానీ దానికి మామూలు యూఎస్‌బీ పోర్టు ఉండదు. నలుగురికి కంట్రోలర్లు పెట్టాలంటే హబ్బు, కన్వర్టర్లు అన్నీ కొనాలి, ఖర్చు అక్కడికే వస్తుంది.

రెండో దారి సెకండ్‌హ్యాండ్ మినీ పీసీ. ఆఫీసుల్లో మానిటర్ వెనక బిగించే చిన్న డబ్బాలు ఉంటాయి, లెనోవో, డెల్, హెచ్‌పీ మూడు కంపెనీలవీ దొరుకుతాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల, విశాఖలో కూడా ఆఫీసులు వదిలేసినవి అమ్ముతారు. కొనేటప్పుడు షాపులోనే ఆన్ చేయించి బయోస్ (విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగులు) లోపలికి వెళ్లి చూడండి. ఆఫీసు పెట్టిన పాస్‌వర్డ్ ఇంకా అలాగే ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయలేరు, ఇంటికి తెచ్చాక ఏమీ చేయలేక కూర్చోవాలి. దాని అడాప్టరు కూడా దానితోనే అడిగి తీసుకోండి, విడిగా వెతకడం కష్టం.

కరెంటు సంగతి

సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్లకి ఇదే అన్నిటికంటే ముఖ్యం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత నలిగిపోయిందో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేరు. మా వీధిలో రోజుల తరబడి దీపం లేదు. తుఫాను లేని రోజుల్లో కూడా వైశాఖంలో సాయంత్రం గాలి లేచిందంటే కరెంటు పోతుంది.

పై 4 ఆట ఆడుతున్నప్పుడు తీసుకునేది ఇంచుమించు 6 వాట్లు. రోజుకి రెండు గంటలు ఆడినా నెలకి అర యూనిట్ కూడా కాలదు. ఇన్వర్టర్ మీద టీవీతో పాటు నడిపినా మీ ఫ్యాన్లకి లోటు రాదు. పెద్ద గేమింగ్ పీసీ ఒక్కటే మూడు నాలుగు వందల వాట్లు లాగేస్తుంది. మన ఇళ్లకి చిన్న డబ్బాలే మేలని నేను అనడానికి సగం కారణం ఇదే.

కానీ తక్కువ తీసుకుంటుంది కదా అని ఏదో ఒక ఫోన్ ఛార్జర్ గుచ్చకండి. నేను మొదట ఆ తప్పే చేశాను. ఆట బాగానే మొదలయ్యేది, నలుగురూ కంట్రోలర్లు పెట్టగానే ఆగిపోయేది. వారం రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుని, చివరికి ఛార్జర్ మారిస్తే అంతా సర్దుకుంది. పై 3కి 5.1 వోల్ట్‌ల దగ్గర 2.5 ఆంప్స్, పై 4కి 3 ఆంప్స్ ఇచ్చే అడాప్టరు కావాలి. పై 5కి దాని సొంత 27 వాట్ల అడాప్టరే కొనండి. బోర్డుకి అందే వోల్టేజి 4.63 కంటే పడితే అది తక్కువ కరెంటు అని గుర్తిస్తుంది. కొన్ని సిస్టమ్‌లలో తెర కుడివైపు పైమూల పసుపు రంగు మెరుపు గుర్తు కనిపిస్తుంది. అది కనిపిస్తే మరో ఆలోచన లేకుండా అడాప్టరు మార్చండి. సన్నగా, పొడుగ్గా ఉండే కేబుల్ వల్ల కూడా ఇలా అవుతుంది.

ఇన్వర్టర్ లేనివాళ్లు కనీసం చిన్న యూపీఎస్ పెట్టుకోండి. ఆట మధ్యలో కరెంటు పోతే ఆడినది పోతుందని నా బాధ కాదు, సిస్టమ్, ఆటలు ఉండే మెమరీ కార్డు మీద రాస్తుండగా పోతే కార్డే చెడిపోవచ్చు. ఉరుములు మొదలయ్యాయంటే మాత్రం యూపీఎస్ ఉన్నా సరే, ప్లగ్గులు పీకేయండి, టీవీకి వచ్చే కేబుల్ కూడా. పిడుగు ఆ తీగలోంచే టీవీలోకి, అక్కడినుంచి హెచ్‌డీఎంఐ గుండా మీ బోర్డులోకి రాగలదు.

కార్డు

32 జీబీ మైక్రో ఎస్‌డీ చాలు. పాత ఆటలు ఎంత చిన్నవో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1985 నాటి మొదటి సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు, మీ ఫోన్లో ఒక్క ఫోటో దానికి యాభై రెట్లు పైనే ఉంటుంది. అందుకని పెద్ద కార్డుకి పెట్టే డబ్బు మంచి కార్డుకి పెట్టండి. మీద ఏ1 అని రాసి ఉన్నది తీసుకోండి. నేను ఒకసారి చౌకగా వస్తోందని ఆన్‌లైన్‌లో 64 జీబీ కొన్నాను. లోపల నిజంగా ఉన్నది 8. కంప్యూటర్‌కి 64 అని అబద్ధం చెబుతుంది, 8 నిండాక రాసినదంతా మాయమవుతుంది. కొత్త కార్డు రాగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి నిండా రాసి, మళ్లీ చదివించి చూడండి. గంటా రెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

సిస్టమ్ ఎక్కించడం

రెట్రోపై, రీకల్‌బాక్స్, లక్కా, ఇలా చాలా ఉన్నాయి, అన్నీ ఉచితమే. నేను బటోసెరా చెబుతున్నది ఒకందుకే. పై మీదా, పాత లాప్‌టాప్ మీదా, మినీ పీసీ మీదా ఒకేలా ఉంటుంది. ఒకదాంట్లో నేర్చుకుంటే ఇంకోదాంట్లో వెతుక్కోనక్కర్లేదు.

బటోసెరా సొంత సైట్‌లో మీ యంత్రం పేరు చూసి దానికి తగిన ఫైల్ దించుకోండి. పై 4 ఫైల్ పై 5లో నడవదు, కాబట్టి పేరు రెండుసార్లు చదవండి. తర్వాత ఇంకో కంప్యూటర్లో రాస్‌ప్బెర్రీ పై ఇమేజర్ గానీ, బలేనా ఎచర్ గానీ, ఈ ప్రోగ్రాముల్లో ఒకటి వేసుకుని, దించిన ఫైల్‌నీ కార్డునీ చూపించి రైట్ (రాయమని చెప్పే బటన్) నొక్కండి. ఇక్కడొక్కచోట నిదానించండి. మీరు చూపించిన డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పెళ్లి ఫోటోలున్న హార్డ్‌డిస్క్ కూడా అదే కంప్యూటర్‌కి తగిలించి ఉంటే ముందు అది పీకేయండి, ఆ తర్వాతే రైట్ నొక్కండి. వైఫై, యూజర్ పేరు లాంటివి ముందే పెట్టాలా అని ఇమేజర్ అడిగితే నో చెప్పండి, అవి వేరే సిస్టమ్ కోసం. రాయడం అయ్యాక విండోస్ ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి అని అడుగుతుంది. దానికీ నో. చాలామంది ఇక్కడే ఎస్ నొక్కేసి మళ్లీ మొదటికొస్తారు.

పై అయితే కార్డు పెట్టి కరెంటు ఇవ్వడమే. లాప్‌టాప్, మినీ పీసీ అయితే ఆన్ చేయగానే బూట్ మెనూ (దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) తెరవాలి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్ ఎంచుకున్నా మొదలవ్వకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి చూడండి. మొదటిసారి ఆన్ అవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, కార్డులో మిగిలిన చోటంతా ఆటల కోసం సర్దుకుంటుంది. ఆ సమయంలో ఆపకండి.

టీవీ ముందు

పై 4కి ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ, మామూలు కేబుల్ పట్టదు. ముందే కన్వర్టర్ గానీ, సరైన కేబుల్ గానీ తెప్పించుకోండి, మన ఊళ్లల్లో అప్పటికప్పుడు దొరకదు. రెండు పోర్టుల్లో కరెంటు పిన్నుకి దగ్గరగా ఉన్నదానికి తగిలించండి.

టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి పిక్చర్ మోడ్‌ని గేమ్ అని పెట్టండి. కొత్త టీవీలు బొమ్మని అందంగా చూపించడానికి ఒక క్షణం తమ దగ్గర ఆపుకుంటాయి. సినిమాకి తెలియదు గానీ, ఆటలో మీరు దూకమని నొక్కాక బొమ్మ ఆలస్యంగా దూకి గుంటలో పడుతుంది. మా బావ నెలరోజులు తన చేతివేగం తగ్గిపోయిందనుకుని దిగులుపడ్డాడు, గేమ్ మోడ్ పెట్టాక ఆ దిగులు పోయింది. పాత ఆటల బొమ్మ చతురస్రానికి దగ్గరగా ఉంటుంది, 4:3. దాన్ని తెరంతా సాగదీయకండి, మనుషులు లావుగా కనిపిస్తారు. పక్కన నల్లటి పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

మీ ఇంట్లో పాత డబ్బా టీవీ ఇంకా పనిచేస్తుంటే పారేయకండి. ఈ ఆటలు గీసినవాళ్లు ఆ తెర కోసమే గీశారు, దాని మీద రంగులు కలిసిపోయి మెత్తగా కనిపిస్తాయి. పై 3, పై 4ల స్పీకర్ రంధ్రంలోంచే వీడియో కూడా వస్తుంది, ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులుండే కేబుల్ కావాలి. సిస్టమ్‌లో ఆ వీడియోని ఆన్ చేయాల్సి రావచ్చు. ఆన్ చేశాకా బొమ్మ రాకపోతే పసుపు పిన్ను తీసి ఎర్ర పిన్నుని టీవీ పసుపు రంధ్రంలో పెట్టి చూడండి. కొన్ని కేబుళ్లలో లోపలి తీగలు తారుమారుగా ఉంటాయి. చిన్నప్పుడు తుపాకీతో బాతుల్ని కొట్టిన ఆట గుర్తుందా? ఆ తుపాకీ మాత్రం కొత్త టీవీల మీద ఎన్నటికీ పనిచేయదు. నొక్కగానే బాతు ఉన్న చోట మెరిసే తెల్ల గడి డబ్బా టీవీ తెర మీద సరిగ్గా ఆ క్షణంలోనే కనిపించిందా అని చూసి గురి కనిపెట్టేది అది.

బోర్డుని టీవీ వెనక గోడకి ఆనించి పెట్టకండి. మా ఎండలకి అది 80 డిగ్రీలు దాటితే వేగం తనంతట తనే తగ్గించేసుకుంటుంది. చిన్న ఫ్యాన్ ఉన్న కేసు కొనండి. ఇంకో సంగతి, టీవీ వెనక వెచ్చదనానికి బల్లులు చేరతాయి, చీమలు గూడు పెడతాయి. కేసుకి ఉన్న పెద్ద రంధ్రాలకి సన్నని దోమతెర ముక్క అతికించండి, గాలి ఆడుతుంది, అవి రావు.

కంట్రోలర్లు

మొదట రెండు వైరు ఉన్నవే కొనండి. బ్లూటూత్‌వి బాగుంటాయి గానీ, సరిగ్గా చుట్టాలు వచ్చిన రోజే ఛార్జింగ్ ఉండదు. తగిలించగానే చాలావరకు సిస్టమ్ తానే గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే స్టార్ట్ నొక్కి మెయిన్ మెనూలో కంట్రోలర్ మ్యాపింగ్‌లోకి వెళ్లి, అది అడిగిన బటన్ ఒక్కొక్కటే నొక్కుతూ వెళ్లండి. చివర్లో హాట్‌కీ అని అడుగుతుంది. దానికి సెలెక్ట్ బటన్ ఇవ్వండి. ఇక మీదట హాట్‌కీ పట్టుకుని స్టార్ట్ నొక్కితే ఆటలోంచి బయటికి వస్తారు. ఇంట్లో అందరికీ నేర్పాల్సింది ఈ ఒక్కటే.

పిల్లలు ఉత్సాహంలో వైరు లాగుతారు, దాంతోపాటు బోర్డు కింద పడుతుంది. దీనికి నేనొక ఉపాయం చేశాను. బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ వైర్లు నేల దాకా దించి వాటిని టేబుల్ కాలికి కట్టాను. కంట్రోలర్ వైరు ఆ చివర కలుస్తుంది. ఎవరైనా లాగితే నేల దగ్గరే ఊడిపోతుంది, పైది కదలదు. ముఢి (మరమరాలు), మిక్చర్ గిన్నె పక్కన ఒక పొడి గుడ్డ కూడా ఉంచండి. నూనె చేతులతో ఆడితే నెలకే బటన్లు అంటుకుపోతాయి.

ఆటలు: ఇరవై చాలు

ఇక్కడ నా మాట కాస్త ఓపిగ్గా వినండి. పదివేల ఆటలు నింపేసిన కార్డులు అమ్ముతుంటారు. వద్దు. పాతదైనంత మాత్రాన ఆట ఉచితమైపోదు, మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకీ వర్తిస్తుంది. అంతకంటే ఇంకో నష్టం ఉంది. పదివేల పేర్లు కనిపిస్తే పిల్లలు ఒక్కోదాన్ని అర నిమిషం చూసి దాటేస్తూ పోతారు, ఏదీ ఆడరు. ఫోన్‌లో వేలితో తోసుకుంటూ పోయే అలవాటే టీవీ మీదకి వస్తుంది. మా ఇంట్లో మొత్తం ఇరవై ఆటలు. పండగలకి రెండు కొత్తవి వస్తాయి, రెండు పోతాయి. ఏవి పోవాలన్నది పిల్లలే తేలుస్తారు, దాని మీద పెద్ద పంచాయితీ జరుగుతుంది. ఆ పంచాయితీ నాకు ఆటకంటే ఇష్టం.

ధర్మంగా దొరికేవి కావలసినన్ని ఉన్నాయి. బటోసెరాతో పాటే కొన్ని ఉచిత ఆటలు వస్తాయి. వాటిలో మిస్టర్ బూమ్ మొదట ఆడండి. బాంబులు పెట్టి గోడలు పగలగొట్టుకుంటూ ఒకరినొకరు ఇరికించే ఆట, ఎనిమిది మంది దాకా ఒకేసారి ఆడొచ్చు. రూల్స్ చెప్పనక్కర్లేదు, రెండు రౌండ్లలో అందరికీ వచ్చేస్తుంది. సూపర్‌టక్స్‌కార్ట్ కార్ల పందెం, పూర్తిగా ఉచితం. పై 3 మీద బరువు గానీ, మినీ పీసీ మీద బాగుంటుంది. ఒక్కరే నిదానంగా ఆడుకోవడానికి కేవ్ స్టోరీ ఉంది. జపాన్‌లో దైసుకె అమయ అనే ఆయన ఒక్కడే అయిదేళ్లు కూర్చుని తయారుచేసి 2004లో ఉచితంగా ఇచ్చేశాడు. కథ, బొమ్మలు, సంగీతం అన్నీ ఆయనవే. చేతిలో పట్టుకుని ఆడే పాత యంత్రం గేమ్‌బాయ్ కోసం ఇటీవలి వాళ్లు చేసిన తోబు తోబు గర్ల్ కూడా ఉచితమే. పాత ఆర్కేడ్ (షాపుల్లో నాణెం వేసి ఆడే) ఆటల్ని కంప్యూటర్లో నడిపే మేమ్ ప్రాజెక్టు సైట్‌లో గ్రిడ్లీ, రాబీ రోటో లాంటి పాత ఆర్కేడ్ ఆటలు, హక్కుదారులు అనుమతి ఇచ్చినవి, దించుకోవడానికి పెట్టారు. ఇచ్.ఐఓ అనే సైట్‌లో పాత యంత్రాల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు చేసేవాళ్లున్నారు. కొందరు ఉచితంగా ఇస్తారు, కొందరు కొద్ది డబ్బు అడుగుతారు. ఇవ్వండి, ఆ డబ్బు నేరుగా చేసినవాళ్లకే వెళ్తుంది.

ఫైళ్లు ఎక్కించడం తేలిక. బోర్డునీ మీ కంప్యూటర్‌నీ ఒకే వైఫైకి కలిపితే విండోస్ నెట్‌వర్క్‌లో బటోసెరా అని కనిపిస్తుంది. దాని షేర్ ఫోల్డర్‌లో రామ్స్ అనే ఫోల్డరు, అందులో ఒక్కో యంత్రానికి ఒక్కో ఫోల్డరు ఉంటాయి. గేమ్‌బాయ్ ఆట గేమ్‌బాయ్ ఫోల్డర్‌లో వేసి, మెనూలోంచి గేమ్ లిస్ట్ అప్‌డేట్ చేయండి. వైఫై లేకపోతే కీబోర్డు తగిలించి ఎఫ్1 నొక్కండి, ఫైల్ మేనేజర్ తెరుచుకుంటుంది, పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసుకోవచ్చు. అన్నీ అయ్యాక నేను వైఫై ఆఫ్ చేసేస్తాను. ఆటలకి దాంతో పనిలేదు.

తర్వాత గేమ్ సెట్టింగ్స్‌లో రెండు ఆన్ చేయండి. ఒకటి ఆటో సేవ్. ఆటలోంచి ఎక్కడ బయటికొస్తే మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. "ఈ స్టేజి అయ్యాక వస్తా అమ్మా" అన్న మాట మా ఇంట్లో దీంతో ఆగిపోయింది. రెండోది రివైండ్, తప్పు చేస్తే కొన్ని క్షణాలు వెనక్కి వెళ్లొచ్చు. పాత ఆటలు మరీ కఠినం, ఊరికే చచ్చిపోతుంటే అరవై ఏడేళ్ల మా అమ్మ ఎందుకు కూర్చుంటుంది? రివైండ్ మోసం అని పెద్ద పిల్లలు గొడవ చేస్తే వాళ్ల వరకు ఆపేయండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో

మెనూలో యూఐ మోడ్ అని ఉంటుంది. దాన్ని కిడ్ అని పెడితే మీరు గుర్తుపెట్టిన పిల్లల ఆటలే కనిపిస్తాయి, సెట్టింగులు దాక్కుంటాయి. ముందుగా ఒక్కో ఆట వివరాల్లోకి వెళ్లి కిడ్‌గేమ్ అన్నది ఆన్ చేయాలి, లేకపోతే ఏమీ కనిపించవు. మళ్లీ పూర్తి మెనూ కావాలంటే కంట్రోలర్ మీద ఇలా నొక్కాలి: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ.

కాంట్రా అనే పాత ఆట ఆడినవాళ్ల చేతులకి ఇది వెంటనే గుర్తొచ్చి ఉంటుంది. ముప్ఫై ప్రాణాలిచ్చే మంత్రం అదే. కొనామీ కంపెనీలో కజుహిసా హషిమోతో అనే ఆయన 1986లో గ్రేడియస్ ఆటని పరీక్షించడానికి పెట్టుకున్నది. ఆట తనకే కష్టంగా ఉందని! నేను మొదటిసారి ఇది నొక్కి మెనూ తెరుచుకున్నప్పుడు, వీధి చివర గేమ్ షాపులో గంటకి డబ్బులిచ్చి ఆడిన రోజులన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. మేనకోడలికి ఇంకా ఈ రహస్యం చెప్పలేదు.

టీవీ పక్కన ఒక కాగితం కూడా అతికించండి. ఏ బటన్ ఏం చేస్తుంది, బయటికి ఎలా రావాలి, ఏ ఆట ఎవరిది. మా దాంట్లో ప్రతి వాక్యం రెండు లిపుల్లో ఉంటుంది. అమ్మకి తెలుగు చదవడమే వచ్చు, పిల్లలు ఒడియా బడిలో చదువుతారు. ఒడియా వరుస మేనకోడలే రాసింది. తెలుగు వరుస నేను రాసి అమ్మకి చూపిస్తే, "నిష్క్రమించుట అంటే ఏంట్రా, బయటికి రావడం అని రాయి" అంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, వాడుక మాట కోసం ఆయన పడ్డ తపన గుర్తొచ్చి వెంటనే మార్చి రాశాను. ఆ తెలుగు వరుస చూసి మా పిల్లలు కొందరు ఒక్కో తెలుగు అక్షరం కూడబలుక్కోవడం నేర్చారు.

ఆపడం, దాచడం

స్విచ్ కట్టేసి లేవకండి. మెనూలో క్విట్, తర్వాత షట్‌డౌన్ నొక్కి, బోర్డు మీద ఆకుపచ్చ దీపం మిణుకుమనడం ఆగాక అప్పుడు స్విచ్ ఆపండి. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, ఫర్వాలేదు. ఇది నేను నేర్చుకోవడానికి ఒక కార్డు పోయింది. అందులో మా అమ్మ మూడు నెలలు ఆడి చేరిన స్టేజి ఉంది. ఆవిడ నన్నేమీ అనలేదు, మర్నాడు మళ్లీ మొదటి స్టేజి నుంచి మొదలుపెట్టింది. నాకు మాత్రం చాలా రోజులు బాధగా ఉండేది.

అందుకే ఇప్పుడు నెలకోసారి షేర్‌లోని సేవ్స్ ఫోల్డరునీ, రామ్స్ ఫోల్డరునీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తాను. ఇరవై ఆటలే కదా, టీ తాగేలోపు అయిపోతుంది. అక్టోబర్ దగ్గరపడి బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో వినగానే ఆ నెల కాపీ ముందే చేసేసి, బోర్డు ఊడదీసి, పెన్‌డ్రైవ్‌తో సహా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు వేసి అటక ఎక్కిస్తాను. ఇంటి పట్టాలు, రేషన్ కార్డు ఉండే డబ్బా అదే.